పసుపు, వేప, వెల్లుల్లి: మన మూగజీవాలకు ఏది మంచిది, ఏది కాదు?

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకటే అడుగుతున్నాయి. ఇంగ్లీషు మందుల జోలికి వెళ్ళకుండా ఇంట్లో ఉన్నవాటితో కుక్కకీ పిల్లికీ వైద్యం చేసుకోవచ్చా అని. ఉడికించిన గుమ్మడిని, కొబ్బరినూనెను, మంచి తిండిని, శుభ్రతను నేను గట్టిగా నమ్ముతాను, ఈ శీర్షికలో వాటి గురించి చెబుతూనే ఉన్నాను. కానీ జబ్బేమిటో తెలియకుండా వైద్యం మొదలుపెట్టడాన్ని నమ్మను. పైగా మన ఒంటికి పడినదల్లా వాటి ఒంటికి పడదు. ఈసారి జవాబులన్నీ ఆ రెండు సంగతుల చుట్టూనే తిరుగుతాయి.

ప్రశ్న: మాది మధురవాడ. ఇంటి వెనక కొండ, తుప్పలు. వానలు మొదలైన దగ్గర్నుంచి మా మూడేళ్ళ ల్యాబ్రడార్‌ని పిడుదులు వదలడం లేదు. కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాయమని, రోజూ అన్నంలో రెండు వెల్లుల్లి రెబ్బలు పెట్టమని తెలిసినవాళ్ళు చెప్పారు. రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదు, డల్‌గా పడుకుంటోంది. బొప్పాయి ఆకు రసం పట్టొచ్చా? – ఒక పాఠకుడు

జవాబు: ముందు మీ ఆఖరి మాట గురించి చెబుతాను, తొందర దానికే ఉంది కాబట్టి. పిడుదులు పట్టిన కుక్క తిండి మానేసి పడుకుందంటే, కాదని తేలేవరకూ అది పిడుదుల జ్వరమే అనుకోవాలి. గోధుమరంగు పిడుదు కుట్టినప్పుడు ఎర్లీషియా అనే బ్యాక్టీరియా గానీ, బెబీసియా అనే పరాన్నజీవి గానీ రక్తంలోకి వెళ్ళొచ్చు. ఎర్లీషియా సోకితే ప్లేట్‌లెట్లు పడిపోతాయి, బెబీసియా అయితే ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. ఒక్కోసారి రెండూ కలిసే వస్తాయి. ఇప్పుడే దాని పెదవి పైకెత్తి చిగుళ్ళు చూడండి. గులాబీ రంగులో ఉండాల్సినవి పాలిపోయి ఉన్నా, పొట్ట చర్మం మీద ఎర్రటి చుక్కలు కనిపించినా, ముక్కులోంచి రక్తం వచ్చినా, మూత్రం కాఫీ రంగులో పోస్తున్నా రేపటిదాకా ఆగకండి. ఇవేమీ లేకపోయినా రెండు రోజులు తిండి మానేసింది కాబట్టి రక్తపరీక్ష చేయించాల్సిందే. ఎర్లీషియాకు డాక్సీసైక్లిన్ మామూలుగా 28 రోజులు వాడతారు, బెబీసియాకు వేరే మందు ఉంది. వారం తిరిగేసరికి గంతులేస్తోందని కోర్సు మధ్యలో ఆపేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి. బొప్పాయి ఆకు రసం ఈ క్రిములను చంపదు. డాక్టరు మందు ఇస్తూ పక్కన ఇది కూడా ఇస్తామంటే ఆయన్నే అడగండి. రసం మాత్రమే పడుతూ కూర్చుంటే రోజులు గడిచిపోతాయి, జబ్బు ఎముక మూలుగను దెబ్బతీసేదాకా వెళ్ళిందంటే కుక్కను బతికించుకోవడం చాలా కష్టం.

ఇక వెల్లుల్లి. ఉల్లి, వెల్లుల్లిలో ఉండే గంధకపు పదార్థాలు కుక్కల్లో, పిల్లుల్లో ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. పచ్చిదైనా, వండినదైనా, పొడి అయినా అంతే. ఆ ప్రభావం వెంటనే కనబడదు, కొన్ని రోజులకు బయటపడుతుంది, అందుకే 'మేం పెట్టాం, ఏమీ కాలేదు' అనేవాళ్ళు దొరుకుతారు. అసలే పిడుదుల వల్ల రక్తం తగ్గుతున్న కుక్కకు రోజూ వెల్లుల్లి పెడితే ఏమవుతుందో మీరే ఆలోచించండి. పోనీ పిడుదులు పోతాయా అంటే పోవు. కర్పూరం ఇంకా ప్రమాదం. చర్మంలోంచి ఇంకుతుంది, నాకితే కడుపులోకి వెళ్తుంది, ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి. కిరోసిన్ రాసేవాళ్ళు కూడా ఉన్నారు, చర్మం కాలిపోతుంది.

మరి ఇంట్లో చేయాల్సిందేమిటంటారా, చాలా ఉంది. ఆడ పిడుదు రక్తం తాగి నిండాక కుక్క మీద ఉండదు, కిందకు దిగి గోడ పగుళ్ళలోనో, గుమ్మం సందులోనో, మంచం కిందో వేల గుడ్లు పెడుతుంది. పిల్ల దశలోనూ అవి ఒక్కో విడత రక్తం తాగి మళ్ళీ కిందకు దిగిపోతాయి. మీ కుక్క మీద కనిపించేవి కొన్నే, మిగతావన్నీ ఇంట్లోనే కాచుకుని ఉన్నాయి. కాబట్టి కుక్కకు మాత్రమే స్నానాలు చేయిస్తే లాభం లేదు. గోడల పగుళ్ళు సిమెంటుతో పూడ్చండి, పక్క గుడ్డలు బాగా వేడినీళ్ళలో ఉతకండి, మూలలు వాక్యూమ్ చేసి ఆ చెత్త వెంటనే బయట పారేయండి, పెరట్లో గడ్డి పొట్టిగా కత్తిరించి తుప్పలు కొట్టించండి. రోజూ చెవుల లోపల, వేళ్ళ సందుల్లో, మెడపట్టీ కింద, తోక మొదట్లో వెతకండి. కనిపించినదాన్ని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా పైకి లాగి సబ్బునీళ్ళలో వేయండి, వేళ్ళతో నలపకండి. వేపాకు మరిగించి చల్లార్చిన నీళ్ళతో ఒళ్ళు కడిగితే దురద కొంచెం తగ్గొచ్చు, చేసుకోండి, అయితే పిడుదులకు అదే మందని అనుకోకండి. మీలాగా కొండ పక్కన ఇల్లున్నవాళ్ళు డాక్టరు బరువు చూసి రాసే మాత్ర గానీ, మెడ వెనక వేసే చుక్కల మందు గానీ ఏడాది పొడవునా వాడాలన్నది నా అభిప్రాయం. ఇంట్లో పిల్లి కూడా ఉంటే ఇంకో జాగ్రత్త. కుక్కలకు వేసే చుక్కల మందుల్లో కొన్నింటిలో పర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది, అది పిల్లికి విషం.

ప్రశ్న: పెందుర్తిలో మా వీధిలో ఎవరో వదిలేసిన రెండు నెలల కుక్కపిల్లను తెచ్చుకున్నాం. నిన్నటి నుంచి విరేచనాలు. పెరుగన్నంలో మెంతులు కలిపి పెట్టాం, తగ్గలేదు. ఇంకేం పెట్టాలి? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఏం పెట్టాలనేదానికంటే ముందు పిల్ల ఎలా ఉందో చూడండి. వాంతులు కూడా అవుతున్నాయా? విరేచనంలో రక్తం, భరించలేని వాసన ఉన్నాయా? పిలిస్తే లేవకుండా మూలకు ముడుచుకుందా? అయితే అది పార్వో అనే వైరస్ జబ్బు కావొచ్చు. ఇది చదువుతూ ఉండకండి, ఆటో ఎక్కండి. పార్వోను చంపే మందంటూ ఇంట్లోనే కాదు, ఆసుపత్రిలోనూ మామూలుగా ఉండదు. సెలైన్, వాంతులకు ఇంజెక్షన్లు, వేరే ఇన్ఫెక్షన్ రాకుండా యాంటీబయాటిక్స్ ఇచ్చి, ఒళ్ళు తనంతట తాను వైరస్‌ను గెలిచేదాకా ప్రాణం నిలబెడతారు. ఆ సాయం ఎంత త్వరగా అందితే అంత మంచిది. వాంతి చేసుకుంటున్న పిల్లకు నోట్లో కషాయాలు, రసాలు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకో ప్రమాదం.

అలా కాకుండా తోక ఊపుతూ ఆడుతూ, మోషన్ మాత్రమే పల్చగా అవుతుంటే పాలో, నులిపురుగులో, తిండి మారడమో కారణం కావొచ్చు. మీరు పాలు పోస్తున్నట్టయితే ఆపేయండి. ఆవుపాలు, గేదెపాలు చాలా పిల్లలకు అరగవు. మెత్తగా ఉడికించిన అన్నంలో ఉప్పూ కారం ఉల్లీ లేకుండా ఉడికించిన బోన్‌లెస్ చికెన్ నలిపి, అందులో ఉడికించిన గుమ్మడి ఒక చెంచా కలిపి, రోజుకు నాలుగైదు సార్లు కొంచెం కొంచెం పెట్టండి. గుమ్మడిలోని పీచు మోషన్‌ను గట్టిపరుస్తుంది, ఇది నేను ధైర్యంగా చెప్పే చిట్కా. మెంతులు వద్దు. పెద్ద కుక్కను ఒక పూట పస్తు ఉంచినట్టు ఇంత చిన్నదాన్ని ఉంచకూడదు, ఒంట్లో చక్కెర పడిపోతుంది. ఒక రోజులో తగ్గకపోతే డాక్టరు దగ్గరకే.

టీకాల సంగతి కూడా వినండి. మొదటిది ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో వేసి, ఆ తర్వాత మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాలు నిండేవరకూ వేయించాలి. అవి పూర్తయ్యేదాకా బీచ్ రోడ్డుకీ పార్కులకీ తీసుకెళ్ళి నేల మీద వదలకండి. ఒకవేళ పార్వో అని తేలితే, ఫినాయిల్‌తో కడిగితే ఆ వైరస్ చావదు, నేలలో నెలల తరబడి బతుకుతుంది. మలినం పూర్తిగా కడిగేశాక, ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి 30 వంతుల నీళ్ళు కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచి కడగాలి. ఆ ఇంటికి టీకాలు పడని ఇంకో పిల్లను వెంటనే తేవద్దు.

ప్రశ్న: మా మగపిల్లికి మూత్రం ఆగిపోతే ట్యూబు వేసి తీశారు. ఇప్పుడు బాగానే ఉంది. మళ్ళీ రాకుండా కొండపిండి ఆకు కషాయం, బార్లీ నీళ్ళు ఇవ్వమంటున్నారు. మంచిదేనా? – సీతమ్మధార నుంచి ఒకరు

జవాబు: మనుషుల్లో రాళ్ళకని కొండపిండి వాడటం మన పెద్దలనాటి నుంచీ ఉన్నదే. కానీ పిల్లుల్లో చాలాసార్లు అడ్డుపడేది పెద్ద రాయి కాదు. బెదురు వల్ల, టెన్షన్ వల్ల మూత్రాశయం వాచి, సన్నని స్ఫటికాలూ జిగురూ కలిసి ఉండలా మారి, మగపిల్లికి ఉండే ఆ సన్నటి దారిలో ఇరుక్కుంటాయి. స్ఫటికాల్లోనూ రకాలున్నాయి. స్ట్రువైట్ అయితే ప్రత్యేకమైన తిండితో కరుగుతుంది, ఆక్సలేట్ అయితే కరగదు. ఏ రకమో పరీక్షలో చూసి డాక్టరు తిండి చెబుతారు. కషాయం దీన్ని తేల్చలేదు.

మీరు చేయగలిగిన అసలైన సహజ వైద్యం నీళ్ళు. పిల్లి ఎడారి జంతువుల సంతతి, దాహమేసినా తక్కువే తాగుతుంది. ఎండు గింజల తిండి తగ్గించి తడి తిండి పెంచండి, ఉడికించిన చికెన్‌లో ఆ ఉడికిన నీళ్ళే కలపండి, వెడల్పాటి గిన్నెల్లో నాలుగైదు చోట్ల, మలం తొట్టెకు దూరంగా నీళ్ళు పెట్టండి. ఎన్ని పిల్లులుంటే అంతకంటే ఒకటి ఎక్కువ తొట్టెలు ఉండాలి. రోజూ కాసేపు ఆడించండి, లావెక్కనివ్వకండి. ఇవి చిన్న విషయాల్లా కనిపిస్తాయి గానీ పనిచేసేవి ఇవే.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. మాటిమాటికీ తొట్టెలోకి వెళ్ళి ముక్కుతూ, అరుస్తూ, చుక్క కూడా పోయకపోతే మలబద్ధకం అనుకుని ఆముదం పట్టకండి. బార్లీ నీళ్ళూ పట్టకండి, దారి మూసుకుపోయినప్పుడు ఇంకా నీళ్ళు పోస్తే ఉబ్బిన మూత్రాశయం మీద భారం పెంచడమే. రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోతుంది, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. అర్ధరాత్రయినా తీసుకెళ్ళాలి.

ప్రశ్న: మాది జాలారిపేట. రోజూ నెత్తళ్ళు, కవళ్ళు పచ్చివే పిల్లులకు వేస్తాం. పిల్లికి అంతకంటే సహజమైన తిండి ఏముంటుంది? – ఒక పాఠకుడు

జవాబు: బాబూ, పిల్లి పూర్వీకులు బతికింది ఎలకల మీదా చిన్న పిట్టల మీదా. చేప మనం అలవాటు చేసిన రుచి. అప్పుడప్పుడూ వేస్తే ఏం కాదు, రోజూ పచ్చి చేపే అయితే ఇబ్బంది. ఇలాంటి చిన్న చేపల్లో కొన్నింటిలో బి1 విటమిన్‌ను నాశనం చేసే ఎంజైమ్ ఉంటుంది. అదే తిండిగా వారాలు గడిస్తే పిల్లి తూలుతుంది, మెడ కిందకు వంచేస్తుంది, ఫిట్స్ కూడా వస్తాయి. ఉడికిస్తే ఆ ఎంజైమ్ పోతుంది. కాబట్టి ఉడికించి ముళ్ళు తీసి, ఆ నీళ్ళతో సహా పెట్టండి. పిల్లి గుండెకూ కళ్ళకూ అవసరమైన టౌరిన్ అనే పోషకం కొంత ఆ నీళ్ళలోకి దిగుతుంది, పారబోయకండి. వారంలో కొన్ని రోజులు చేప మానేసి చికెన్, కొంచెం లివర్, గుడ్డు మార్చి మార్చి వేయండి. ఉప్పు చేపలు మాత్రం అస్సలు వద్దు.

ప్రశ్న: ఎంవీపీ కాలనీలో ఉంటాం. మే నెలలో మా పగ్ పడే అవస్థ చూడలేకపోతున్నాం. మజ్జిగ, సబ్జా గింజలు ఇస్తే చలవ చేస్తుందా?

జవాబు: మన విశాఖలో ఎండకంటే ఉక్కపోతే ఎక్కువ బాధ పెడుతుంది. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పుతూ నోట్లోంచి తడి ఆవిరి చేసుకునే వేడి దించుకుంటుంది. సముద్రపు తేమతో గాలి నిండిపోయినప్పుడు ఆ తడి ఆరదు, పైగా పగ్‌కు ముక్కు నొక్కేసినట్టుండి గాలే సరిగ్గా ఆడదు. కాబట్టి మజ్జిగ చలవ దీనికి సరిపోదు. ఉప్పు లేని పల్చటి మజ్జిగ రెండు చెంచాలు పోస్తే పోయండి, సబ్జా అవసరం లేదు. నీడ, ఫ్యాను, ఎప్పుడూ అందుబాటులో నీళ్ళు, తడి గోనెపట్టా, మధ్యాహ్నం ఏసీ ఉంటే ఏసీ, ఇవే అసలు మందులు. నడక సూర్యోదయానికి ముందే అయిపోవాలి. తారు రోడ్డు మీద మీ అరచేతి వెనకవైపు ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలు కూడా ఆనవు. బీచ్‌లో దాహమేసి ఉప్పునీళ్ళు తాగకుండా ఇంటి నుంచి సీసాతో నీళ్ళు పట్టుకెళ్ళండి.

కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. 104 దాటితే, లేదా చిగుళ్ళు ముదురు ఎరుపెక్కి, చిక్కటి చొంగ కారుతూ తూలుతుంటే అది వడదెబ్బ. అక్కడికక్కడే మామూలు చన్నీళ్ళు ఒళ్ళంతా పోసి ఫ్యాను కింద పెట్టి, తడుపుతూనే ఆసుపత్రికి బయల్దేరండి. తడిగుడ్డ కప్పి వదిలేయకండి, వేడి లోపలే ఉండిపోతుంది.

ప్రశ్న: మా పెంపుడు కుక్క ఆడుతూ బాబు చేతికి గీత పడేలా పళ్ళు దింపింది. మా అత్తయ్య పసుపు, కారం అద్దేశారు. ఇంట్లో కుక్కే కదా, చాలా? – కంచరపాలెం నుంచి ఒక తల్లి

జవాబు: చాలదమ్మా. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగండి, కారం పసుపు అన్నీ పోవాలి. ఆలస్యమైందని వదిలేయొద్దు, ఇప్పుడైనా కడగండి. ఆ తర్వాత ఈ రోజే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కో, మీకు దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికో తీసుకెళ్ళండి, రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. చేతికి చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చి ఉంటే గాయం చుట్టూ ఇంకో ఇంజెక్షన్ అవసరమవుతుంది, అది డాక్టరు చూసి చెబుతారు. కుక్కకు ఏటా టీకా వేయిస్తున్న కార్డు ఉంటే పట్టుకెళ్ళి చూపించండి, కార్డు ఉన్నా లేకపోయినా కుక్క పది రోజులు బాగుంటుందేమో చూద్దామని బాబు టీకా ఆపకండి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక కాపాడే మందు లేదు. మీ అత్తయ్యగారి మీద కోపం పెట్టుకోకండి, ఆవిడ ప్రేమతోనే చేశారు, ఈ పేజీ ఆవిడకు చదివి వినిపించండి.

ప్రశ్న: లవ్‌బర్డ్స్ ఉన్న గదిలో దోమలకని సాంబ్రాణి వేయొచ్చా?

జవాబు: వద్దు. పక్షుల ఊపిరితిత్తులు పొగను అస్సలు తట్టుకోలేవు. అగరుబత్తి, దోమల కాయిల్, మాడిన నాన్‌స్టిక్ పెనం పొగ కూడా అంతే, పెనం పొగకైతే నిమిషాల్లో చనిపోతాయి. పంజరానికి దోమతెర కట్టండి.

ప్రశ్న: గాజువాక ఆటోనగర్‌లో మా షెడ్డు దగ్గర వీధికుక్కకు ఒళ్ళంతా గజ్జి. ఇక్కడివాళ్ళు వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూస్తే పోతుందంటున్నారు. – ఒక మెకానిక్

జవాబు: పూయనివ్వకండి అన్నా, దండం పెడతాను. ఆ నూనెలో లోహాలు, విషపదార్థాలు ఉంటాయి, పుండ్లు పడిన చర్మంలోంచి లోపలికి వెళ్తాయి, అది నాక్కుంటే కాలేయం, కిడ్నీలు దెబ్బతింటాయి. గజ్జి అంటే చర్మంలో దూరిన కంటికి కనబడని పురుగులు. ఇప్పుడు దీనికి మంచి మాత్రలున్నాయి, పట్టుకోనివ్వని వీధికుక్కకు కూడా చికెన్ ముక్కలో పెట్టి తినిపించేయొచ్చు. ఫొటోలు, వీడియో తీసి ప్రభుత్వ పశువైద్యశాలలో చూపించి, బరువు సుమారుగా చెప్పి రాయించుకోండి, మీ అంతట మీరు పశువుల ఇంజెక్షన్ కొని వేయకండి. కదల్లేని స్థితిలో ఉంటే 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనం అడగండి. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి, ఒక రకం గజ్జి మనకూ దురద తెప్పిస్తుంది. రోజూ ఒక గుడ్డు, కడుపునిండా తిండి పెట్టగలిగితే బొచ్చు త్వరగా తిరిగి వస్తుంది.

ప్రశ్న: మా పదమూడేళ్ళ కుక్క లేవడానికి మూలుగుతోంది. పసుపు నెయ్యిలో కలిపి పెడుతున్నాం. నొప్పి ఎక్కువైన రోజు మేం వాడే నొప్పి మాత్ర సగం ఇవ్వొచ్చా? – లాసన్స్ బే కాలనీ నుంచి ఒకరు

జవాబు: మాత్ర ఇవ్వకండి, పావు ముక్క కూడా. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్కలకు కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలను పాడుచేస్తాయి. పిల్లులకైతే ఒక్క పారాసెటమాల్ చాలు ప్రాణం తీయడానికి. కుక్కల కోసమే తయారైన నొప్పి మందులున్నాయి, ఆ వయసులో రక్తపరీక్ష చేసి డాక్టరు రాస్తారు.

చిటికెడు పసుపు వల్ల నష్టం లేదు గానీ, అది ఒంటికి పట్టేది చాలా తక్కువ. నెయ్యి మాత్రం తగ్గించండి, బరువు పెరిగితే ఆ కీళ్ళ మీదే పడుతుంది. ముసలి కుక్కకు బరువు తగ్గించడాన్ని మించిన కీళ్ళ వైద్యం లేదు. దాని పక్కటెముకలు చేత్తో తడిమితే తెలియాలి. తెలియకపోతే అన్నం తగ్గించి ఉడికించిన బీన్స్, సొరకాయ కలపండి. ఒమేగా-3 ఉన్న చేపనూనె కీళ్ళ వాపుకు నిజంగా పనిచేస్తుంది, మోతాదు డాక్టర్ని అడగండి. మన ఇళ్ళలో నున్నటి టైల్స్ మీద వాటి కాళ్ళు జారిపోతాయి, అది తిరిగే దారంతా పాత కార్పెట్ గానీ రబ్బరు మ్యాట్లు గానీ పరవండి. నీళ్ళ గిన్నె కొంచెం ఎత్తులో పెట్టండి. ఒకేసారి పెద్ద నడక కాకుండా పూటపూటకీ పది నిమిషాలు చదునైన చోట నడిపించండి. తడి ఇసుక గట్టిగా ఉండే చోట అయితే ఫరవాలేదు, పొడి ఇసుకలో వద్దు, కాళ్ళు దిగబడి నొప్పి పెరుగుతుంది. గోళ్ళు పెరిగి ఉన్నాయేమో చూడండి, పెరిగితే కత్తిరించండి.